తాపీ

ఇగరాషి తోకుజి గారికి ఎనభై ఎనిమిది.
వెంట వచ్చిన శిష్యుడికి అరవై ఏడు.
"కుర్రాడు. ఇంకా నేర్చుకుంటున్నాడు" అన్నాడాయన.
కుర్రాడు గురువుగారి చెప్పులు చేత్తో పట్టుకుని
కితకత మంచునంతా గుమ్మంలోనే దులిపేశాడు.

తెర మీద ఆయన కడుపు చూపించాను.
తడిసిన ఎర్రమట్టిలా మెరిసే గోడ,
కింది వంపులో బొటనవేలి గోరంత మేర
రంగు చెడిన చోటు.
నేను మాట కోసం వెతుక్కుంటున్నాను.
ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని ముందుకు వంగి
"చెమ్మ" అన్నాడు.
"పై పూతలోనేనా, నడిమి పూతలోకి దిగిందా?"

ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను,
ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు.

ధాన్యపు కొట్లకీ సాకే కొట్లకీ
డెబ్బై ఏళ్ళు గోడలు పూసిన మనిషి.
వెదురు తడిక, దాని మీద గడ్డి కలిపి మురగబెట్టిన మట్టి,
ఆ పైన ఇసుక మట్టి,
ఆఖర్న సముద్రపు నాచు ఉడికించిన జిగురుతో సున్నం.
నా కాగితం లాక్కుని నాకే బొమ్మ గీసి చూపించాడు.
నేను పక్కన రాశాను: పొర, పొర కింద పొర, కండరం.
ఇద్దరం ఒకటే గోడ గీశాం.

"పొర కిందికి నీళ్ళెక్కిస్తాను. బొబ్బలా లేస్తుంది.
చుట్టూ కోసి, అడుగు నుంచి ఒలుస్తాను.
పొట్ట కొయ్యను. కండరం ముట్టను."
"ముడితే?"
"చిల్లు పడొచ్చు. నెత్తురు పోవచ్చు.
ఈ వయసులో ఊపిరితిత్తులకి నిమ్ము చేరొచ్చు."
శిష్యుడు తల దించుకున్నాడు.
ఆయన నా ఎడమచెయ్యి తిరగేసి
బొటనవేలి దగ్గర కాయ కాచిన చోటు తడిమాడు.
"సరే. పని చేసిన చెయ్యే."

ఫిబ్రవరి, గురువారం. రెండు గంటల పది నిమిషాలు.
నీలి నీళ్ళ మీద తేలింది ఆ ముక్క.
సగంలో ఒక రక్తనాళం చిమ్మి తెరంతా ఎరుపెక్కింది,
నర్సు హోనామి ఊపిరి బిగబట్టడం వినిపించింది.
పట్టకారుతో పట్టి కాల్చాను. తెల్లబడింది.
ముందురోజు మంచం మీంచి ఆయన అన్నది అప్పుడు గుర్తొచ్చింది:
"నొక్కకు. తాపీ పని తాపీగానే సాగాలి."

ముప్పై రెండు మిల్లీమీటర్లు.
అంచులు ముడుచుకోకుండా
బెండు పలక మీద సూదులతో చాపి గుచ్చాను.

పన్నెండో రోజున రిపోర్టు.
అంచులు శుభ్రం. లోతు మాత్రం
ఉండాల్సిన గీతకు వెంట్రుకవాసి కింద.
నడిమి పూతలోకి దిగింది.
పుస్తకం ఒకటే మాట చెబుతుంది: కోసి తీసెయ్.
పుస్తకానికి వయసు లేదు.

ఏదీ దాచలేదు.
గ్రంథులకి పాకే అవకాశం నూటికి ఇంత,
ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకోకపోవడం నూటికి ఇంత.
ఆయన చాలాసేపు కిటికీలోంచి మంచు చూశాడు.
"కొట్టు కూలగొట్టి మళ్ళీ కడతానంటావు.
ఈలోగా అందులో ధాన్యం ఎక్కడ పెట్టుకోను?"
అది జవాబో ప్రశ్నో నాకిప్పటికీ తెలీదు.
"వచ్చి చూపించుకుంటూ ఉంటాలే" అన్నాడు.
రాశాను: రోగి ఇష్టప్రకారం, ఆర్నెల్లకోసారి పరీక్ష.
ఆ వాక్యానికి చుక్క పెట్టబోయి
కలం కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

ఆగస్టులో వచ్చాడు. గోళ్ళ సందుల్లో సున్నం.
కిలోన్నర పెరిగాడు.
ఒలిచిన చోట పుండు మాని
నక్షత్రంలా ముడుచుకున్న తెల్లని మచ్చ.
తెర వైపు చూసి పెదవి విరిచాడు.
"అతుకు కనబడుతోంది."

వెళ్తూ వెళ్తూ నా గది గోడ దగ్గర ఆగి
వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నాడు.
"ఇక్కడ డొల్ల" అన్నాడు శిష్యుడితో.
"రేపు బకెట్టు పట్టుకురా."